ఎర్ర ప్లేటు మీద ఆరని తేమ

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు. అందరికీ ఆమె పెట్టక్క. ఆ పేరు పెట్టింది సీసాలు కడిగే బాబాయి. గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టకీ, ఇంక్యుబేటర్ ముందు కూర్చున్న ఆమెకీ తేడా లేదని ఆయన వాదన. "మా పెట్టక్క పొదిగితే రాయైనా కళ్లు తెరవాల్సిందే" అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. అలా ముప్ఫై ఒక్క ఏళ్లు గడిచాయి.

ఆమె పనిచేసే గది కింది అంతస్తులో, వరండా చివర, ఉతికిన దుప్పట్లు దాచే గదిని ఆనుకుని ఉండేది. పొడవాటి బల్ల, రెండు గ్యాసు దీపాలు, ఒక తొట్టి, బీరువా అంత ఇంక్యుబేటర్. పై వార్డుల నుంచి గాజు గొట్టాల్లో దూదిపుల్లలు వచ్చేవి. ఒకరి గొంతులోంచి, ఒకరి పుండులోంచి, ఒకరి ముక్కులోంచి తీసినవి. అరచేతిలో ఇమిడే గుండ్రటి ప్లేట్లలో రక్తం కలిపిన జెల్లీ పోసి ఉండేది. పచ్చి రక్తం కలిపితే ఎర్ర ప్లేటు, రక్తాన్ని వేడిలో ఉడికించి కలిపితే గోధుమరంగు ప్లేటు. దూదిపుల్లను జెల్లీ మీద గీసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో రాత్రంతా ఉంచి, తెల్లారాక ఏం మొలిచిందో చూసి చెప్పాలి. అంతే పని. ఆ "అంతే"లో ఆమె బతుకు చాలా భాగం గడిచిపోయింది.

మిగతావాళ్లు కళ్లతో చూసి, రంగునీళ్లు పోసి పరీక్షలు చేసి చెప్పేవాళ్లు. ఆమె ముక్కుతో చెప్పేది. మూత ఇంత ఎత్తి, ఒక్క క్షణం ముక్కు దాకా తెచ్చి దించేసేది. ఒకటి ద్రాక్షపళ్ల వాసన, ఒకటి తడిమట్టి వాసన, ఒకటి మగ్గిన పిండి వాసన. అలా చూడకూడదని గోడ మీద నిబంధన రాసి ఉంది. ఆ నిబంధన రాసిన పెద్ద డాక్టరే ఆమె మూత ఎత్తే సమయానికి కిటికీ వైపు తిరిగి నిలబడేవాడు. తర్వాత, "ప్లేటులోవాడు ఏమంటాడు అమ్మాయ్?" అని అడిగేవాడు. ఆమె చెప్పింది పరీక్షల్లో తప్పని తేలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆమెకు ముక్కు గురించి చెప్పింది కూడా ఆయనే. అప్పటికి ఆమె ప్లేట్లు కడిగే పనిలో చేరి ఏడాది.

"ముక్కంటే రెండు కన్నాలనుకున్నావా అమ్మాయ్? అదో ఇల్లు. ముందు వసారా ఉంది, వెనక గదులున్నాయి" అని మొదలుపెట్టాడు.

వసారాలో ఎప్పుడూ గాలి ఆడుతుంది. ఒంటికన్నా చల్లగా, కాస్త పొడిగా ఉంటుంది. అక్కడ బతకగలిగిన సూక్ష్మజీవులే అక్కడ ఉంటాయి. బంగారు రంగులో చుక్కలుగా మొలిచేవాడు ఉన్నాడే, వాడు ఆరోగ్యంగా తిరిగే నలుగురిలో ఒకడి ముక్కులో కాపురముంటాడు. అద్దె ఇవ్వడు, అల్లరీ చెయ్యడు. వెనక గదులు, అంటే సైనస్‌లు, నుదుటి ఎముకలో, బుగ్గల్లో, కళ్ల మధ్య ఉంటాయి. అవి వెచ్చన, తడి. వాటి గుమ్మాలు బియ్యపు గింజ పట్టేంత. గోడల నిండా కంటికి ఆనని నూగు ఉంటుంది. అది రాత్రింబవళ్లు తేమను గుమ్మం వైపు ఊడుస్తూనే ఉంటుంది. ఇనుము లేనిదే సూక్ష్మజీవి ఎదగదు. ఆ ఇనుమును ఒళ్లు తాళం వేసి దాచుకుంటుంది.

"ఊడ్చేవాళ్లు ఊడుస్తున్నంతసేపు, గుమ్మం తెరిచి ఉన్నంతసేపు ఎవడొచ్చినా కాలు నిలవదు. జలుబు చేసి గుమ్మం వాచిందనుకో. లోపలున్న గాలిని గోడలే పీల్చేసుకుంటాయి, కొత్త గాలి రాదు. నూగు నీరసిస్తుంది. తేమ చిక్కబడి నిలవుంటుంది. అప్పుడు మూల కూర్చున్నవాడు లేచి ఇంటాయనైపోతాడు. సూక్ష్మజీవి మారలేదమ్మాయ్. గది మారింది."

ఇంక్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేసి ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "మనం చేసేదీ అదే. వాడికి నచ్చే గది కట్టిస్తున్నాం. నచ్చితే మొలుస్తాడు. మొలవలేదంటే లేడని కాదు, మన గది నచ్చలేదని."

ఆయన పదవీ విరమణ చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరెవరో వచ్చారు, పోయారు.

మూడేళ్ల కిందట చలికాలంలో ఆమెకు ఒక జలుబు పట్టుకుంది. జలుబు పోయింది గానీ, దానితో వెళ్లిన వాసన తిరిగి రాలేదు. మొదట నెలన్నర చూద్దాంలే అనుకుంది. తర్వాత ఎడమ ముక్కులోంచి గాలి ఆడటం తగ్గింది. వంగితే కళ్ల మధ్య బరువు. తన ముక్కులో ఏం జరుగుతోందో ఆ ఊళ్లో చాలామంది డాక్టర్లకన్నా ఆమెకే బాగా తెలుసు. గుమ్మాలు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. తెలిసీ ఏమీ చెయ్యలేదు. భయమని అనడానికి లేదు. భయపడటానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

ఆ ఏడాదే తల్లి పోయింది. పదిహేను రోజుల తర్వాత అమ్మ బట్టల పెట్టె తెరిచి, పై మడత తీసి మొహానికి ఆనించుకుంది. ఏమీ రాలేదు. ఉత్త గుడ్డ. ఏడుపూ రాలేదు. మడత పెట్టి మూత వేసేసింది. చెల్లెలు చూసి, "ఎంత గుండె రాయి చేసుకున్నావే అక్కా" అంది. రాయి చేసుకోవడానికి తనేమీ చెయ్యలేదని చెప్పాలనిపించింది.

పనిలో ఎవరూ కనిపెట్టలేదు. వాసన లేదు కాబట్టి పుస్తకంలో ఉన్నట్టు ప్రతి పరీక్షా చెయ్యడం మొదలుపెట్టింది. ఎక్కువ సేపు పట్టేది గానీ తప్పులు రాలేదు. ఆ మధ్యే వచ్చిన కొత్త డాక్టరమ్మ ముచ్చటపడింది కూడా. "అక్క చేసే పద్ధతి చూసి నేర్చుకోండి" అని చిన్నవాళ్లకు చెప్పింది. పెట్టక్క మాత్రం అలవాటుగా మూత ఎత్తి, ముక్కు దాకా తెచ్చి దించుతూనే ఉంది. అది ఇప్పుడు ఉత్త చేతి కదలిక.

కుట్టుపనావిడ దూదిపుల్ల వచ్చింది ఒక సోమవారం.

ఆవిడ వయసు నలభై లోపే. బజారు వీధిలో రెండు మిషన్లు పెట్టుకుని కుడుతుంది. పది రోజుల పాత జలుబు కళ్ల మధ్య గదుల్లోకి దిగి, అక్కడి పలచటి ఎముక గోడ దాటి కుడికంటి గూట్లోకి వాపు పాకింది. కంటివార్డులో చేర్చుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ముక్కు లోపల పైనుంచి కారుతున్న ద్రవాన్ని దూదిపుల్లకు అద్ది కిందికి పంపారు.

ఆ వారం గదిలో రెండు ఇబ్బందులున్నాయి. గోధుమరంగు ప్లేట్ల పెట్టె మొత్తం బూజు పట్టిందని పారేశారు. కొత్తవి గురువారం గానీ రావు. రెండోది, ఇంక్యుబేటర్ తలుపు రబ్బరు చీలి చలిగాలి దూరుతోంది. అందువల్ల ప్లేట్ల మూతలకు చెమటలు పట్టి, జెల్లీ మీద బొట్లు రాలుతున్నాయి. పెట్టక్క అందుబాటులో ఉన్న ఎర్ర ప్లేటు మీదే దూదిపుల్ల గీసి లోపల పెట్టింది.

మంగళవారం పొద్దున తీసి చూసింది. మూడే మూడు బంగారు చుక్కలు. వాటి చుట్టూ సన్నటి తేమ, సూది మొనతో చల్లినట్టు. ఆ రోజు అన్ని ప్లేట్ల మీదా తేమ ఉంది. మూత ఎత్తింది, ముక్కు దాకా తెచ్చింది, దించింది.

"కంటివార్డు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏమైనా ఉందా అక్కా?" అని కొత్త డాక్టరమ్మ అడిగింది.

"వసారా వాడేనమ్మా. మూడు చుక్కలు. పుల్ల తీసేటప్పుడు అంటుకుని ఉంటాడు."

"ఇంకేం లేదుగా?"

"ఏమీ లేదు."

డాక్టరమ్మ తల ఎత్తకుండానే సంతకం పెట్టింది. పెట్టక్క మాట మీద సంతకం పెట్టడం ఆ గదిలో ఎప్పటినుంచో ఉన్నదే. కాగితం పైకి వెళ్లింది. సూక్ష్మజీవుల పని కాదేమో, ఒంటికి పడక వచ్చిన వాపేమో అనుకుని, బుధవారం పొద్దున వాళ్లు ఇంజెక్షన్లు ఆపేసి వాపు తగ్గించే మందు పెంచారు.

బుధవారం మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి ఇంక్యుబేటర్‌కు కొత్త రబ్బరు వేసి వెళ్లాడు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి భర్త వంట చేసి ఎదురుచూస్తున్నాడు. ఆయన ముప్ఫై నాలుగేళ్లు బస్సు నడిపి, రెండేళ్ల కిందట ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోలేక వంటగది తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ పూట ఆమె తింటున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా చూశాడు.

"ఎలా ఉంది కూర?"

"బాగుంది."

"నిన్నటిది?"

"అదీ బాగుంది."

ఆయన కంచం పక్కకు నెట్టాడు. "మూడు రోజులుగా ఉప్పు వెయ్యకుండా వండుతున్నానోయ్. ఇవాళ కారం కూడా వెయ్యలేదు. ఉడికించిన గడ్డి పెడుతున్నా నువ్వు నోరెత్తవు. నా మీద అలకైతే అలకని చెప్పు, నాలుగు తిట్టు. ఈ 'బాగుంది' నేను మింగలేకపోతున్నాను."

ఆమె "అలక కాదండీ. నాకు వాసన రాదు. నాలిక మీద ఉప్పు ఉందో లేదో కూడా పట్టించుకోవడం మానేశాను. మూడేళ్లయింది" అంది.

"మూడేళ్లా! మరి చెప్పవేం? నీ ముక్కేమన్నా కిరీటమా, పోయిందని తెలిస్తే పరువు పోవడానికి?"

ఆమె అన్నం కలుపుతూనే ఉంది.

"మీ ఆఫీసులో తెలుసా?"

"తెలీదు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నాకు దూరపు చూపు తగ్గిన రోజే డిపోలో చెప్పేశాను, గుర్తుందా? నెల రోజులు టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. చిన్నతనంగానే ఉంది. అయితే ఏం, నా వెనక యాభై మంది కూర్చుంటారు కదా."

"పరీక్షలు చేసే రాస్తున్నానండీ. తప్పులు రావట్లేదు."

"అలాగేలే" అని ఆయన లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కొంచెం చల్లుకుంది. తిని లేచింది.

గురువారం పొద్దున పాత ప్లేట్లు పారేసే పని పెట్టుకుంది. రిపోర్టు వెళ్లాక రెండో రోజే పారెయ్యొచ్చు. ఆమె మాత్రం మూడో రోజు దాకా ఉంచి, చివరిసారి వెలుతురులో పెట్టి చూసి పారేస్తుంది. కొత్త రబ్బరు పడ్డాక పెట్టెలో చెమట లేదు. ప్లేట్లన్నీ పొడిగా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి, చూసి, ఎర్ర సంచీలో వేస్తోంది. ఏడోదో ఎనిమిదోదో చేతిలోకి వచ్చింది. దాని మీద తేమ ఆరలేదు.

కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వంచింది. తేమైతే జారాలి. జారలేదు. పైగా అది ప్లేటంతా లేదు. మూడు బంగారు చుక్కల చుట్టూనే, తల్లి చుట్టూ పిల్లల్లాగా ఉంది. చుక్కకు దూరంగా జెల్లీ నున్నగా, ఖాళీగా ఉంది.

ఆమెకు తెలిసిపోయింది. వెనక గదుల్లో పెరిగే ఒకడున్నాడు. పచ్చి రక్తం వాడికి పనికిరాదు. ఉడికించిన రక్తమే కావాలి, అందుకే గోధుమరంగు ప్లేటు. అది లేని చోట వాడు బంగారువాడి పంచన చేరతాడు. బంగారువాడు రక్తకణాలను పగలగొట్టి తిన్నప్పుడు చుట్టూ ఒలికిందే వాడి కూడు. ఆ ఒలికినంత మేరే మొలుస్తాడు, చిన్న చిన్న మంచు బొట్లలా. మూసుకున్న గుమ్మం వెనక నిలవున్న తడిలో వాడికి లోటేమీ ఉండదు. అక్కడినుంచి కంటిదాకా వెళ్లగలడు. ఇదివరకు ప్లేటు వైపు చూడకుండానే, ఒక్క వాసనతో ఆమె వాడిని వందసార్లు పట్టుకుంది.

మూత ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉంచింది. ఏమీ లేదు.

"బాబాయ్, ఒకసారి ఇటు రా."

బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"దీని వాసన ఏంటో చెప్పు. దగ్గరకు తెచ్చుకోకు, దూరంనుంచే చెయ్యి ఊపి చూడు."

"నేనా? ఇన్నేళ్లూ నువ్వు చూసి నాకు చెప్పడమే గానీ..." అంటూనే చేత్తో గాలి మొహం వైపు తోసుకున్నాడు. మొహం ముడిచాడు. "ఛీ. తడిసిన గోనెసంచిలో ఎలుక కాపురం పెట్టినట్టుంది. ఇంత కంపు నీకు..." అని ఆగిపోయాడు. ప్లేటు వైపు చూశాడు, ఆమె ముక్కు వైపు చూశాడు. "నీకు రావట్లేదా పెట్టక్కా?"

"రావట్లేదు."

"ఎప్పట్నుంచి?"

ఆమె మూత పెట్టి ప్లేటు పట్టుకుని డాక్టరమ్మ గదికి నడిచింది. గుండె దడదడలాడుతుందేమోనని చూసుకుంది. లేదు. ప్లేటు బల్ల మీద పెట్టి, "మంగళవారం కంటివార్డుకి పంపింది తప్పమ్మా. ఇది తేమ కాదు. ముందు పైకి ఫోన్ చెయ్యండి, మిగతాది తర్వాత చెప్తాను" అంది.

డాక్టరమ్మ ఒక్కసారి ప్లేటు వంచి చూసింది, ఫోన్ అందుకుంది. అవతలివాళ్లు ఏదో అరిచారు. ఈవిడ కూడా అరిచింది. పదకొండు కాకముందే ఇంజెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఆ సూక్ష్మజీవికి పనిచేసేవి. సాయంత్రానికి ముక్కు డాక్టరు కుట్టుపనావిడ సైనస్ గుమ్మాలు తెరిచి చీము వదిలించాడు. నడుమ ఒక పగలూ ఒక రాత్రీ పోయాయి.

ఫోన్ పెట్టేశాక డాక్టరమ్మ అడిగింది. పెట్టక్క చెప్పింది.

"మూడేళ్లా! మూడేళ్లుగా నా పక్కన కూర్చుని... ఒక్క మాట అక్కా. ఒక్క మాట చెప్పి ఉంటే నేనూ చూసేదాన్ని కదా."

"చెప్పలేదమ్మా."

"ఎందుకు?"

"తెలీదమ్మా."

"నా సంతకం ఉంది దాని మీద" అంది డాక్టరమ్మ. గొంతు వణికింది. పెట్టక్క ఆ వణుకును, పక్కగదిలో ఏదో పడ్డ చప్పుడులాగా విన్నది.

విచారణ జరిగింది. పెద్దగా ఏమీ అనలేదు. సంజాయిషీ కాగితం రాయించుకున్నారు. తనంతట తనే వచ్చి చెప్పిందని డాక్టరమ్మ రాసిచ్చింది. ప్లేట్లు చదవడంనుంచి తప్పించి, రిపోర్టులు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. భర్త పట్టుబట్టి ముక్కు డాక్టరుకు చూపించాడు. రెండు వైపులా ద్రాక్షగుత్తుల్లాంటి కండలున్నాయన్నారు. కోసి తీశారు. గాలి ఆడుతోంది. వాసన రావచ్చు, రాకపోవచ్చు, ఎదురుచూడాలి అన్నారు. ఆమె తలూపింది.

కుట్టుపనావిడ సంగతులు బాబాయి తెచ్చేవాడు. నాలుగో రోజుకు రెప్ప విచ్చుకుంది. పదో రోజుకు ఇంటికి పంపారు. "కన్ను దక్కిందట" అన్నాడు. "దక్కింది గానీ..." అని మిగతాది మింగేశాడు.

ఆరు వారాల తర్వాత ఆవిడ కిటికీ దగ్గరకు వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, పనిలోంచి లేచి వచ్చినట్టుంది. చీటీ ఇచ్చింది. పెట్టక్క వెతికి కాగితం తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని కుడికంటికి దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుంది. చివరికి తిరిగి కిటికీలోంచి తోసింది.

"మీరే చదివి పెట్టండమ్మా. కుడివైపు మసకే ఇంకా. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు మా అత్తగారు కావాలి నాకు. ఆవిడకు డెబ్భై ఏళ్లు, నాకన్నా ఆవిడ చూపే నయం" అని నవ్వింది.

పెట్టక్క చదివింది. "ఏమీ పెరగలేదు."

"అంటే?"

"ఇప్పుడు మీ ముక్కులో ఆ సూక్ష్మజీవి లేదు. తగ్గిపోయింది."

"మరి ఈ మసక?"

"దానికి మా దగ్గర పరీక్ష లేదమ్మా. కంటివార్డు వాళ్లనే అడగాలి."

ఆవిడ కాగితం తీసుకోబోయింది. పెట్టక్క వదల్లేదు. వదలాలనే అనుకుంది.

"మీ మొదటి రిపోర్టు రాసింది నేనే" అంది.

వెనక వరసలో ఎవరో దగ్గారు. కుట్టుపనావిడ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఏం చెయ్యాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయింది.

"అందులో ఏం రాశారు?"

"ఏమీ లేదని."

"అప్పుడూ ఏమీ లేదన్నారు. ఇప్పుడూ ఏమీ లేదంటున్నారు." ఆవిడ గొంతు పెరగలేదు. బట్ట చూపించి ఎన్ని గజాలని అడిగినంత మామూలుగా అడిగింది. "నేను ఏది నమ్మాలమ్మా?"

"దీన్ని నేను చూడలేదు. డాక్టరమ్మ చూసింది, ఇంకొకరు చూశారు. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఇది నమ్మండి."

ఆవిడ ఎడమకంటితో సంతకాలు చూసుకుంది. ఒకటి, రెండు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్రతి మడతనూ గోటితో నొక్కి, సంచీలో వేసుకుంది. ఇంకేమైనా అంటుందేమోనని పెట్టక్క ఎదురుచూసింది. ఆవిడ పక్కకు తప్పుకుని, మెట్లు దిగేటప్పుడు కుడివైపు గోడ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని దిగింది.

తర్వాతి మనిషి చీటీ లోపలికి తోశాడు. పెట్టక్క అందుకుని, నంబరు చూసి, వెతకడం మొదలుపెట్టింది.